పాటల డిస్కులు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే పద్ధతిని గత సంచికలో వివరించిన తరువాత, వాటిని డిస్కుల మీద రాసుకోవడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి ఎక్కువగా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే ఎంచుకున్నాము. వినడానికి రాసుకునే డిస్కు వేరు, దాచుకోవడానికి రాసుకునే డిస్కు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా తలచడం వల్లనే చాలా ఇబ్బందులు వస్తున్నాయని ఉత్తరాలు చదివినప్పుడు అర్థమైంది కనుక ఆ మాట ముందే చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒక సీడీలో నూట యాభైకి పైగా పాత పాటలు ఎక్కించి ఇచ్చాడు. ఇంట్లోని డీవీడీ ప్లేయర్‌లో అది చక్కగా పాడుతోంది. నాకు ఇష్టమైన పాత స్టీరియోలో వేస్తే మాత్రం డిస్కు తిరుగుతుంది కానీ పాట రాదు. గవర్నర్‌పేటలోని ఒక కొట్టులో అడిగితే, ఈ స్టీరియోకు 'ఆడియో సీడీ' కావాలనీ, అందులో ఇరవై పాటలకు మించి పట్టవనీ చెప్పారు. అదే డిస్కు, అవే పాటలు అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: కొట్టువారు చెప్పింది నిజమే. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో ఖరారు చేసిన ఆడియో సీడీ ప్రమాణం ప్రకారం, శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా, ఎడమ కుడి స్పీకర్లకు విడివిడిగా నమోదు చేస్తారు. ఇలా నమోదు చేస్తే నిమిషం పాటకు పది మెగాబైట్లకు పైగా చోటు కావాలి. ఇప్పుడు దొరికే మామూలు సీడీలో ఇటువంటి శబ్దం 80 నిమిషాలు పడుతుంది కనుక, నాలుగు నిమిషాల పాటలైతే ఇరవైతో డిస్కు నిండిపోతుంది.

మీ అబ్బాయి రాసింది ఆడియో సీడీ కాదు, ఎంపీ3 ఫైళ్లున్న డేటా సీడీ. ఒక పెద్ద శబ్దం వినిపిస్తున్నప్పుడు దాని పక్కనే ఉండే చిన్న శబ్దాలను మన చెవి పట్టుకోలేదు. అటువంటి వివరాలను వదిలేసి మిగిలినవాటిని క్లుప్తంగా నమోదు చేసే పద్ధతి ఎంపీ3. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి రూపొందించిన ఈ పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున రాసిన ఎంపీ3లో నిమిషం పాట ఒక మెగాబైటు కన్నా కాస్త తక్కువే కాబట్టి, అదే 700 మెగాబైట్ల డిస్కులో పన్నెండు గంటలకు పైగా పాటలు పడతాయి. 192 కిలోబిట్లకు పెంచితే ఎనిమిదిన్నర గంటలు, 320కి పెంచితే సుమారు ఐదు గంటలు వస్తాయి.

ఈ ఫైళ్లను విప్పి శబ్దంగా మార్చే సామర్థ్యం మీ స్టీరియోకు లేదు. యంత్రం ముందు భాగంలో ఎంపీ3 అన్న గుర్తు లేకపోతే సాధారణంగా ఆ సౌకర్యం లేనట్లే. డిస్కు రాసే సాఫ్ట్‌వేర్‌లో 'డేటా సీడీ' బదులు 'ఆడియో సీడీ' ఎంచుకుంటే, అది ఎంపీ3 పాటలను విప్పి పాత స్టీరియో చదవగలిగే రూపంలో రాస్తుంది. నా సలహా అడిగితే, నూట యాభై పాటలనూ ఎనిమిది డిస్కులుగా చేయించుకోండి. గాయకుల వారీగానో, సంగీత దర్శకుల వారీగానో ఇరవైయేసి పాటలను మీరే కూర్చి ఎంపిక చేయండి. అలా ఏరి కూర్చిన డిస్కును మొదటి నుంచి చివరి వరకు వింటాము; నూట యాభై పాటల డిస్కులో మొదటి పదిహేను దాటి వినేవారు అరుదు.

ప్రశ్న: కారులో వినడానికి మా తమ్ముడు మూడు డిస్కులు రాసి ఇచ్చాడు. కారు ప్లేయర్ మీద ఎంపీ3 గుర్తు ఉంది. అయినా ఒక్కటి మాత్రమే పాడుతోంది, మిగిలిన రెండింటికీ 'నో డిస్క్' అని చూపిస్తోంది. కంప్యూటర్‌లో మూడూ తెరుచుకుంటున్నాయి. ప్లేయర్ చెడిపోయిందా?
— వ్యాపారి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఒక డిస్కును చదువుతున్న ప్లేయర్ చెడిపోయిందనుకోనక్కరలేదు. ముందు ఆ రెండు డిస్కుల మీద ఏమి అచ్చయి ఉందో చూడండి. డీవీడీ అని ఉంటే సీడీ మాత్రమే చదివే ప్లేయర్‌కు అది అందదు, ఎందుకంటే సీడీని చదివే లేజరు కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి 650 నానోమీటర్ల కాంతి కావాలి. పైగా డీవీడీలో గుర్తులు మరింత చిన్నవి. సీడీ-ఆర్‌డబ్ల్యూ అని ఉంటే, అంటే చెరిపి మళ్లీ రాసుకునే రకం అయితే, అది ఒక్కసారే రాసే మామూలు సీడీ-ఆర్‌తో పోలిస్తే మూడో వంతు కాంతిని కూడా సరిగా తిప్పి పంపదు కనుక పాత ప్లేయర్లు చాలావాటికి ఆ డిస్కు ఉన్నట్లే తెలియదు.

రెండూ మామూలు సీడీ-ఆర్‌లే అయితే, రాసిన తీరులో లోపం ఉండవచ్చు. విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే 'లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్', 'విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్' అని రెండు మార్గాలు చూపుతుంది. మొదటిది ఎంచుకుంటే పెన్‌డ్రైవ్‌లో లాగా ఎప్పటికప్పుడు ఫైళ్లు చేర్చుకోవచ్చు, కానీ ఆ ఏర్పాటును కారు ప్లేయర్లు చాలావరకు చదవలేవు. రెండవది ఎంచుకుని, పాటలన్నీ ఒకేసారి రాసి, డిస్కును మూసివేయమని, అంటే 'ఫైనలైజ్' చేయమని చెప్పండి. మూసివేయని డిస్కును కంప్యూటర్ చదువుతుంది, ప్లేయర్ చదవకపోవచ్చు. విడతలు విడతలుగా రాసిన డిస్కులో కొన్ని ప్లేయర్లకు మొదటి విడత పాటలే కనిపిస్తాయి. ప్రతి అదనపు విడతకూ పదమూడు మెగాబైట్ల దాకా చోటు కూడా వృథా అవుతుంది.

ఒక మాట. డిస్కులను డ్యాష్‌బోర్డు మీద వదిలి వెళ్లకండి. మే నెలలో గుంటూరు ఎండకు మూసి ఉన్న కారులో వేడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. సీడీ-ఆర్‌లో పాట నిలిచి ఉండేది ఒక రంగు పొరలో. వేడీ, ఎండా రెండూ ఆ రంగును దెబ్బతీస్తాయి.

ప్రశ్న: ధనుర్మాసంలో మా వీధి గుడిలో తిరుప్పావై పాశురాలను మైకు సెట్టులో వేస్తాము. ముప్ఫై పాశురాలనూ ఒకటి నుంచి ముప్ఫై వరకు అంకెలు వేసి సీడీలో రాయించాను. ఒకటో పాశురం కాగానే పదోది వస్తోంది, ఆ తరువాత పదకొండు. రెండోది రావడానికి చాలాసేపు పడుతోంది. అర్చకస్వాములు నొచ్చుకుంటున్నారు. పేర్లు తెలుగులో రాస్తే స్క్రీను మీద గళ్లు గళ్లుగా కనిపిస్తున్నాయి.
— ఆలయ కమిటీ సభ్యుడు, పటమట, విజయవాడ

జవాబు: అర్చకస్వాములు నొచ్చుకోవడం సహజమే, ఎందుకంటే రోజుకొక పాశురం చొప్పున వరుసలో అనుసంధించవలసినవి అవి. ప్లేయర్ ఆ అంకెలను సంఖ్యలుగా చూడదు. ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చి వరుస కడుతుంది. 1 తరువాత, అదే 1తో మొదలయ్యే 10 నుంచి 19 వరకు వచ్చి, ఆపైన 2, దాని వెనుక 20 నుంచి 29 వరకు, అటుపైన 3, 30 వస్తాయి. 1 బదులు 01, 2 బదులు 02 అని తొమ్మిది వరకు ముందు సున్నా చేర్చి డిస్కును మళ్లీ రాయించండి, వరుస కుదురుతుంది. వందకు పైగా ఫైళ్లుంటే 001 అని మూడంకెలు కావాలి.

పెన్‌డ్రైవ్‌లో వేసుకునేవారికి ఇంకొక చిక్కు ఉంది. కొన్ని ప్లేయర్లు పేర్లను పట్టించుకోకుండా, ఫైళ్లు ఏ వరుసలో ఎక్కాయో ఆ వరుసలోనే పాడతాయి. అక్కడ ఫైళ్లను ఒక్కొక్కటిగా వరుస తప్పకుండా ఎక్కించడమే మార్గం.

సీడీలో ఫైళ్ల పేర్లను నమోదు చేసే పాత ప్రమాణం ఐఎస్‌ఓ 9660లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, కింది గీత (అండర్‌స్కోర్) తప్ప మరేమీ చెల్లవు. దానికి తోడుగా వచ్చిన జోలియెట్ ఏర్పాటులో తెలుగుతో సహా ఏ లిపిలోనైనా 64 అక్షరాల దాకా పేరు పెట్టవచ్చు. డిస్కు మీద పేరు సరిగానే ఉన్నా, ప్లేయర్‌లో తెలుగు లిపి లేకపోతే గళ్లే కనిపిస్తాయి. పాట వివరాలు ఉండే ట్యాగులకూ ఇదే వర్తిస్తుంది. అందుచేత మైకు సెట్టు కోసం రాసే డిస్కులో పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో చిన్నవిగా ఉంచండి. తెలుగు జాబితాను కాగితం మీద రాసి డిస్కు పెట్టెలో పెడితే అర్చకస్వాములకు అదే సౌకర్యం.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు, తెనాలి ప్రాంతాలలో హరికథలు చెప్పేవారు. ఆయన కథలున్న క్యాసెట్లు నలభై దాకా మా ఇంట్లో ఉన్నాయి. చాలావరకు పందిళ్లలో టేప్ రికార్డర్ పెట్టి తీసినవి. రెండు మూడు మాత్రం ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారం చేస్తున్నప్పుడు రేడియో నుంచి పట్టినవి. కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాము. అన్నీ ఎంపీ3 చేసి ఒక్క డీవీడీలో పెడితే సరిపోతుందని పిల్లలు అంటున్నారు. నాన్నగారి గొంతు మా మనవల కాలానికి కూడా మిగలాలని నా కోరిక. ఏ డిస్కు వాడాలి? బంధువులకు పంచవచ్చునా?
— ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఎంపీ3గా మాత్రమే ఉంచవద్దు, ఒక్క డిస్కులో మాత్రమే ఉంచవద్దు. ఎంపీ3 చేసినప్పుడు వదిలేసిన వివరం మళ్లీ తిరిగి రాదు. పందిట్లో తీసిన క్యాసెట్టులో టేపు హోరు, జనం సందడి, చిడతల చప్పుడు అన్నీ కలిసి ఉంటాయి. ఆ హోరును తగ్గించి గొంతును తేటపరిచే సాధనాలు ఏటికేడు మెరుగవుతున్నాయి; రేపటి మంచి సాధనానికి పని చెప్పాలంటే క్యాసెట్టులో ఉన్నదంతా అందులో ఉండాలి. కాబట్టి ముందు వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే రూపంలో, ఏ మార్పూ చేయకుండా, హోరుతో సహా ఎక్కించండి. తరువాత దానిని ఫ్లాక్ రూపంలోకి మార్చండి. ఫ్లాక్ 2001 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న పద్ధతి. ఇది పరిమాణాన్ని తగ్గిస్తుంది కానీ ఒక్క బిట్టును కూడా పోగొట్టదు, విప్పితే మొదటి వేవ్ ఫైలు శబ్దం యథాతథంగా వస్తుంది.

పరిమాణాల లెక్క చూద్దాము. అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి, సీడీ నాణ్యతలో వేవ్ ఫైలుగా సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. అది ఒక సీడీలో పడుతుంది, తొంభై నిమిషాల క్యాసెట్టు పట్టదు. 4.7 గిగాబైట్ల డీవీడీలో అరవై నిమిషాల క్యాసెట్లు ఏడు పడతాయి. ఫ్లాక్ చేస్తే ఫైలు మొదటి పరిమాణంలో దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే ఉంటుంది. హోరు ఎక్కువగా ఉన్న టేపులు అంతగా తగ్గవు. కాబట్టి డీవీడీకి పది క్యాసెట్లు అనుకుంటే, మీ నలభైకీ నాలుగైదు డీవీడీలు చాలు.

వీటిని ఆడియో సీడీలుగా కాక డేటా డిస్కులుగా రాయమనడానికి ఒక ముఖ్యమైన కారణం ఉంది. సీడీలో సమాచారం సెకనుకు 75 గడుల చొప్పున ఉంటుంది. ఆడియో సీడీలో ప్రతి గడిలోని 2,352 బైట్లూ శబ్దానికే పోతాయి. డేటా సీడీలో 2,048 బైట్లు మాత్రమే మన ఫైలుకు ఇచ్చి, మిగిలిన 304 బైట్లలో చాలా భాగాన్ని తప్పులను పట్టి సరిదిద్దే సమాచారానికి కేటాయించారు. ఆడియో సీడీలో సరిదిద్దలేని తప్పు వచ్చినప్పుడు ప్లేయర్ అటూ ఇటూ ఉన్న కొలతలను చూసి మధ్యలోని దానిని ఊహించి పాడుతుంది. వినేవారికి తేడా తెలియకపోవచ్చు, నష్టం మాత్రం జరిగే ఉంటుంది. డేటా డిస్కులో ఆ గడికి అదనపు రక్షణ ఉంది, అది కూడా చాలనప్పుడు ఫైలు చదవడం కుదరదని స్పష్టంగా చెబుతుంది. పైగా ఫ్లాక్ ఫైలులోనే దాని శబ్దానికి సంబంధించిన సరిపోల్చే సంఖ్య ఒకటి నిక్షిప్తమై ఉంటుంది కాబట్టి, పదేళ్ల తరువాత కూడా ఫైలు చెక్కుచెదరలేదని పరీక్షించి తెలుసుకోవచ్చు.

ఇక డిస్కు సంగతి. చెరిపి రాసుకునే రకం దాచుకోవడానికి పనికిరాదు. ఒక్కసారే రాసే రకంలో, వెండి పొరకు బదులు బంగారు పూత ఉన్నవి తేమకు నల్లబడవు. ఖరీదు ఎక్కువైనా దొరికితే వాటినే తీసుకోండి. ఎం-డిస్క్ అనే రకంలో రంగు పొర ఉండదు, కాబట్టి కాంతికీ వేడికీ అంతగా లొంగదు, కానీ అది రాయగల డ్రైవు ప్రత్యేకంగా ఉండాలి. వెయ్యేళ్లు నిలుస్తుందని తయారీదారులు చెప్పుకునే మాటను పట్టుకుని మిగతా జాగ్రత్తలు మానవద్దు. ప్రతి డిస్కుకూ రెండు ప్రతులు, వేర్వేరు సంస్థల డిస్కుల మీద రాయండి, ఎందుకంటే ఒకే పెట్టెలోని డిస్కులన్నీ ఒకే లోపంతో వచ్చే అవకాశం ఉంది. డిస్కు మీద అచ్చయిన గరిష్ఠ వేగంతో కాకుండా మధ్యస్థ వేగంతో రాసి, రాసిన తరువాత సరిచూసే 'వెరిఫై' సౌకర్యాన్ని తప్పక వాడండి. ఆపైన వేరొక కంప్యూటర్‌లో కూడా తెరిచి చూడండి. ఒక ప్రతి బ్రాడీపేటలో మీ ఇంట్లో ఉంటే, రెండవది వేరే ఊరిలోని తోబుట్టువుల ఇంట్లో ఉండనివ్వండి.

వీటికి తోడు ఒక హార్డ్‌డిస్కులో మూడవ ప్రతి ఉండాలని గట్టిగా చెబుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవులు దాదాపు కనుమరుగయ్యాయి. మన దేశంలో ఖాళీ డిస్కుల తయారీకి పేరుపొందిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసివేసే దశకు, వెళ్లింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ముగించింది. డిస్కు బాగానే ఉండి చదివే యంత్రం దొరకని రోజు రావచ్చు. కనుక యూఎస్‌బీతో పనిచేసే బయటి డీవీడీ రైటరు ఒకటి ఇప్పుడే కొని పెట్టుకోండి, మూడు నాలుగేళ్లకొకసారి డిస్కులన్నీ తెరిచి చూసి, ఏదైనా మొరాయించిన వెంటనే రెండవ ప్రతి నుంచి కొత్తది రాయండి. క్యాసెట్లను కూడా పారేయకండి.

పంచడం విషయానికి వస్తే, పందిట్లో మీ కుటుంబం తీసుకున్న కథలను బంధువులకు ఇచ్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. వారికి ఎంపీ3 ప్రతులే ఇవ్వండి, సులభంగా వింటారు. రేడియో నుంచి పట్టినవాటి సంగతి వేరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దగ్రహణం మీద హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్లు ఉంటుంది, ప్రసారం మీద కూడా విడిగా హక్కు ఉంది. వాటిని మీ ఇంట్లో దాచుకుని వినండి. డిస్కులుగా పంచదలచుకుంటే ఆకాశవాణి కేంద్రానికి ఉత్తరం రాసి అనుమతి కోరండి. నాన్నగారి పేరు, కథ పేరు, ప్రసారమైన కాలం అందులో రాస్తే వారికి వెతకడం తేలిక.

ప్రశ్న: కచేరీ రికార్డింగును భాగాలుగా చేసి సీడీ రాస్తే, ఆలాపన ముగిసి కృతి మొదలయ్యే చోట రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తోంది. తంబుర శ్రుతి కూడా తెగిపోతోంది.
— సంగీత విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సాఫ్ట్‌వేర్‌లో 'ట్రాక్ ఎట్ వన్స్' అన్న పద్ధతి ఎంచుకుని ఉంటారు. అందులో ఒక్కొక్క భాగం రాశాక లేజరు ఆగి మళ్లీ మొదలవుతుంది కనుక ఆ ఖాళీ వస్తుంది. 'డిస్క్ ఎట్ వన్స్' ఎంచుకుని, భాగాల మధ్య విరామాన్ని సున్నా చేస్తే శ్రుతి తెగదు. భాగాలు చేసేటప్పుడు వేవ్ లేదా ఫ్లాక్ ఫైళ్లతోనే పని చేయండి. ఎంపీ3 శబ్దాన్ని 1,152 కొలతల ముక్కలుగా నమోదు చేస్తుంది. చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లో కూడా కొంత ఖాళీ చేరుతుంది. అందువల్ల ఎంపీ3గా కోసిన భాగాలను ఎంత జాగ్రత్తగా అతికినా అతుకు వినిపిస్తుంది. రాగం తానం పల్లవి వంటివాటిని నేనైతే అసలు కోయను, ఒకే భాగంగా ఉంచుతాను.

ప్రశ్న: ఎంపీ3 పాటలను వేవ్‌గా మార్చి రాస్తే నాణ్యత పెరుగుతుందని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, కొత్తపేట, గుంటూరు

జవాబు: పెరగదు. ఫైలు పదింతలు పెద్దదవుతుంది, శబ్దం మాత్రం ఎంపీ3లో ఉన్నదే. 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మార్చడం ఇంకా నష్టం, ఎందుకంటే ప్రతి మార్పిడిలోనూ మరికొంత వివరం పోతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్ల క్రితం రాసిన మా పెళ్లి పాటల సీడీలు, ఇనుప బీరువాలో పెట్టినవి, ఇప్పుడు చదవడం లేదు. కొన్నింటి పైపూత పెచ్చులు లేస్తోంది. బాగుచేసే దారి ఉందా?
— గృహిణి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: పెచ్చులు లేచిన చోట ఉన్న పాట పోయినట్లే. చాలామంది డిస్కు అడుగు భాగాన్ని కాపాడి, పేరు రాసే పైభాగాన్ని అశ్రద్ధ చేస్తారు. సీడీలో పాట ఉండే పొర ఆ పైభాగానికి ఆనుకునే ఉంటుంది. దాని మీద పలుచని లక్క పూత తప్ప మరే రక్షణ లేదు. బాల్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితాన్ని పీకినా ఆ పొర ఊడుతుంది. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ.

పైపూత బాగున్న డిస్కుల మీద మాత్రం ఆశ వదులుకోకండి. అడుగు భాగాన్ని మెత్తని నూలుబట్టతో, మధ్య నుంచి అంచు వైపుకు నిలువుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత పాట వెంబడే సాగి ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక డ్రైవు చదవలేని డిస్కును మరొకటి చదవడం తరచు జరుగుతుంది కనుక రెండు మూడు డ్రైవులలో వేసి చూడండి. మొండికేసిన గడులను పదే పదే చదివి, దక్కినంత వరకు కాపీ చేసే సాఫ్ట్‌వేర్‌లూ ఉన్నాయి. ఒక్కసారి తెరుచుకుంటే చాలు, పాట వినకుండా ముందు మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.

మిగిలిన డిస్కులను ఆ బీరువా నుంచి తీసేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ప్రచురించిన సూచనల ప్రకారం, చాలాకాలం దాచే డిస్కులకు 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ అనుకూలం. వేసవిలో 45 డిగ్రీలు దాటే విజయవాడలో, కృష్ణ ఒడ్డున, మామూలు ఇంట్లో అది సాధ్యం కాదు. ఎండ తగలని లోపలి గోడకు ఆనుకున్న చెక్క అల్మరాలో, పై అరలో కాకుండా కింది అరలో, ఒక్కొక్క డిస్కును గట్టి పెట్టెలో పెట్టి పుస్తకాలలాగా నిలువుగా ఉంచండి. పేరు రాయడానికి డిస్కుల కోసమే అమ్మే నీటి సిరా పెన్ను వాడండి, అదీ మధ్యలోని పారదర్శకమైన వలయం మీద.